ప్రోస్టేట్ చెకప్ ప్యాకేజీ: మూత్రం ఆగిపోయే ప్రమాదాన్ని ముందే పట్టిస్తుందా?

యాభై దాటిన మగవాళ్లకంటూ ల్యాబులూ స్కానింగ్ సెంటర్లూ అమ్మే ప్రోస్టేట్ ప్యాకేజీలో ఉండేవి ఎక్కడైనా దాదాపు ఒకటే. పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష, పొట్ట స్కానింగ్, మామూలు మూత్రపరీక్ష, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, షుగరు. కాస్త పెద్ద సెంటరైతే మూత్రధార వేగం కొలిచే యూరోఫ్లో కూడా ఉంటుంది. కొన్ని ప్యాకేజీల్లో ఫ్రీ పీఎస్‌ఏ, టెస్టోస్టెరాన్, ఇంకేవో క్యాన్సర్ మార్కర్లు కూడా చేరతాయి. ఈ సమీక్ష ఏ ఒక్క సెంటర్‌దీ కాదు. ఈ సరుకు కొనేవాడికి పనికొస్తుందా లేదా అన్నదే ఇక్కడి ప్రశ్న.

అదీ ఒకే కోణంలో. మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగినవాళ్లు అన్నిటికన్నా భయపడేది ఉన్నట్టుండి మూత్రం ఆగిపోవడానికి. తెలంగాణలో ‘మూత్రం బంద్ అయింది’ అంటారు. పొత్తికడుపు కుండలా ఉబ్బి, ఒక్క చుక్క రాక, అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తి ట్యూబు వేయించుకునే పరిస్థితి. అది ఎవరికి వచ్చే అవకాశం ఉందో ఈ ప్యాకేజీ ముందుగా చెప్పగలదా?

సగం చెప్పగలదు. కావలసిన అంకెలు చాలావరకు ఇందులో ఉన్నాయి. కానీ వాటిని తీసే పద్ధతిలో తొందర ఎక్కువ, కాబట్టి తప్పుడు అంకెలు వస్తాయి. రిపోర్టు చేతికొచ్చాక ఇంటిల్లిపాదీ చూసేది ‘ఎన్ని గ్రాములు’ అనే ఒక్క అంకెనే. ఇక ప్రమాదాన్ని బాగా పట్టిచ్చే రెండు విషయాలు ప్యాకేజీలోనే ఉండవు. వాటికి పైసా ఖర్చు లేదు, బహుశా అందుకేనేమో.

ఏ అంకెలు లెక్కలోకి వస్తాయి

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని ఓల్మ్‌స్టెడ్ కౌంటీలో 40 నుంచి 79 ఏళ్ల మధ్య వయసున్న 2,115 మంది మగవాళ్లను ఏళ్ల తరబడి గమనించారు. 1997లో వచ్చిన ఆ లెక్కలు ఇప్పటికీ యూరాలజీ డాక్టర్లకు ఆధారం. వాటి ప్రకారం మూత్రం ఆగిపోయే ప్రమాదాన్ని పెంచేవి ప్రధానంగా నాలుగు. మొదటిది వయసు: నలభైల్లో ఉన్నవాళ్లతో పోలిస్తే డెబ్భైల్లో ఉన్నవాళ్లకు ప్రమాదం ఎనిమిది రెట్ల దగ్గర ఉంది. లక్షణాల స్కోరు (మూత్రం ఇబ్బందుల మీద ఏడు ప్రశ్నలకు వచ్చే మార్కులు) 7 దాటితే సుమారు మూడు రెట్లు. ధార గరిష్ఠ వేగం సెకనుకు 12 మిల్లీలీటర్ల కన్నా తక్కువైతే దాదాపు నాలుగు రెట్లు. గ్రంథి 30 మిల్లీలీటర్లు (అంటే దాదాపు 30 గ్రాములు) దాటితే మూడు రెట్లు.

రెట్లు అనగానే గుండె జారిపోనక్కర్లేదు. అదే అధ్యయనంలో డెబ్భైల్లో ఉండి, లక్షణాలు మధ్యస్థంగానో తీవ్రంగానో ఉన్నవాళ్లలో కూడా ఏడాదికి వెయ్యి మందిలో సుమారు 35 మందికే మూత్రం ఆగింది. అంటే ఆ గుంపులో కూడా ఆ ఏడాది వెయ్యికి 965 మంది బాగానే గడిపారు. అలాగని అదే మనిషికి అదే ప్రమాదం ఏటా ఉంటుంది కాబట్టి, అయిదేళ్లు, పదేళ్లు కలిపితే చిన్నదేమీ కాదు.

గ్రాములు ఈ నాలుగింటిలో ఒకటి మాత్రమే. 80 గ్రాముల గ్రంథితో హాయిగా ధార పోసేవాళ్లున్నారు. 28 గ్రాములకే ట్యూబు పడినవాళ్లూ ఉన్నారు. గ్రంథి ఎంత పెద్దదన్నదాని కన్నా అది ఎటువైపు పెరిగిందన్నది కొన్నిసార్లు ముఖ్యం. అది తేలేది స్కానింగ్‌లో.

స్కానింగ్: సరిగ్గా చేస్తే ప్యాకేజీలో మంచి భాగం

పొట్టమీద ప్రోబు పెట్టి తీసే స్కానింగ్ నుంచి రాబట్టుకోవలసినవి: గ్రంథి పరిమాణం, మూత్రాశయంలోకి అది పొడుచుకొచ్చిన పొడవు, మూత్రాశయం గోడ మందం, ఒంటికి వెళ్లాక లోపల మిగిలిన మూత్రం, కిడ్నీల్లో వాపు, మూత్రాశయం సంచిలో రాళ్లు. మామూలుగా చేతికొచ్చే రిపోర్టులో ‘గ్రేడ్ 2 ప్రోస్టేటోమెగలీ’ అనే రెండు మాటలు మాత్రం ఉంటాయి. గ్రేడ్ అంటే సైజుకు వేసిన బిరుదు, అంతే. ఇబ్బంది ఎంతో, అడ్డు ఎంతో అది చెప్పదు. మిల్లీలీటర్లలో అంకె రాసివ్వమని అడగాలి.

ఆ అంకె వచ్చే దారి కూడా తెలిసి ఉండాలి. మూడు కొలతలను గుణించి, దాన్ని 0.52తో గుణిస్తారు. 5.0, 4.4, 4.0 సెంటీమీటర్లు అయితే సుమారు 46 మిల్లీలీటర్లు. అదే గ్రంథిని ఇంకొకరు కొలిచి చివరి కొలత 4.5 అని పెడితే 51 దాటుతుంది. అర సెంటీమీటరు తేడాకే అయిదారు గ్రాములు పెరిగాయి. కాబట్టి పోయిన ఏడాది 46, ఈ ఏడాది 51 అయిందని నిద్ర చెడగొట్టుకోవడం అనవసరం. గ్రంథి 30 కన్నా కిందనా, 30 నుంచి 50 మధ్యలోనా, 50 పైనా అన్నంత వరకు నమ్మితే చాలు.

మీడియన్ లోబ్ సంగతి వేరు. గ్రంథి మధ్య భాగం పైకి పెరిగి మూత్రాశయం లోపలికి బుడిపెలా పొడుచుకొస్తుంది. మూత్రం పోయాలని సంచి బిగిసినప్పుడు ఆ బుడిపె ద్వారం మీద మూతలా పడుతుంది. ఎంత ముక్కితే అంత గట్టిగా మూసుకుంటుంది. ఈ పొడవుకు గ్రేడ్లు వేరు: పొడుచుకొచ్చింది 5 మిల్లీమీటర్ల లోపైతే మొదటి గ్రేడు, 5 నుంచి 10 రెండు, 10 దాటితే మూడు. మూడో గ్రేడువాళ్లకు అడ్డు ఎక్కువ. ఒకసారి ట్యూబు పడితే, తీసిన వెంటనే సొంతంగా పోసే అవకాశం వీళ్లకు తక్కువ. ఇంత విలువైన కొలత తీయడానికి పట్టేది అర నిమిషం. అయినా చాలా రిపోర్టుల్లో కనిపించదు. రేడియాలజిస్టును నోరు తెరిచి అడగండి: ‘లోపలికి ఎన్ని మిల్లీమీటర్లు పొడుచుకొచ్చింది, రాయండి’ అని. సంచిలో 100 నుంచి 200 మిల్లీలీటర్లు ఉన్నప్పుడు ఈ కొలత సరిగ్గా వస్తుంది. మరీ నిండిపోతే బుడిపె అణిగి చిన్నదిగా కనిపిస్తుంది.

అన్ని ప్యాకేజీల్లోనూ ఎక్కువగా చెడేది ఆ నిండటం దగ్గరే. ‘బ్లాడర్ ఫుల్ చేసుకుని రండి’ అంటారు. పెద్దాయన రెండు లీటర్ల సీసా ఖాళీ చేసి కూర్చుంటాడు. తన పిలుపు వచ్చేసరికి గంటన్నర. సంచిలో 700 మిల్లీలీటర్లు. స్కానింగ్ అయ్యాక, ‘వెళ్లి పోసుకుని రండి’ అంటారు. బయట ఇంకో పదిమంది. తలుపు గడియ సరిగ్గా పడని బాత్రూం. కొంచెం పోసి హడావిడిగా వస్తాడు. మిగిలింది 220 అని రిపోర్టు. ఇంటికొచ్చేసరికి ‘మూత్రం ఆగిపోయేలా ఉందట’ అని ఊరంతా తెలుస్తుంది.

అతిగా సాగిన సంచి మామూలుగా ఉన్నంత బాగా బిగుసుకోదు. ఆరోగ్యవంతుడికీ కొంత మిగులుతుంది. అందుకే మిగిలిన మూత్రం కొలవాలంటే సంచి మామూలుగా నిండాలి. 250 నుంచి 400 మిల్లీలీటర్లు చాలు. ఇంట్లో ఒంటికి వెళ్లాలనిపించే స్థాయి అది. బాత్రూంలో తొందర లేకుండా, అలవాటున్న భంగిమలో పోయాలి. నిలబడి పోయని మనిషిని నిలబెట్టి పోయమంటే రాదు. ఆ తర్వాత పది నిమిషాల లోపు స్కానింగ్. ఆలస్యమైతే కిడ్నీలు కొత్త మూత్రం నింపుతూనే ఉంటాయి, ముఖ్యంగా అంత నీళ్లు తాగాక.

మిగులు ఒక్కసారి ఎక్కువ వచ్చిందని నిర్ణయాలు చేయొద్దు. ఇంకోరోజు మళ్లీ తీయించాలి. 50 లోపైతే ఆలోచించనక్కర్లేదు. 100, 150 దగ్గర పదేపదే వస్తుంటే డాక్టరు గమనించాలి. రెండుసార్లు తీసినా 300 దాటితే అది దీర్ఘకాలిక నిలుపుదల కింద లెక్క. అప్పుడు క్రియాటినిన్, కిడ్నీల వాపు చూడకుండా వదలకూడదు. నొప్పి ఉండదు కాబట్టి మనిషికి తెలియదు. రాత్రి నిద్రలో పక్క తడుస్తుంటే ‘ముసలితనం’ అని ఇంట్లోవాళ్లు సర్దుకుంటారు. చాలాసార్లు అది నిండిపోయిన సంచి పొంగి కారడం. ఈ లక్షణం ఉన్నవాడికి ప్యాకేజీ కొనిపెట్టడం టైం వృథా. నేరుగా యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి.

యూరోఫ్లో: ఉంటే తీసుకోండి, కానీ ఒక్కసారితో సరిపెట్టొద్దు

గరాటు లాంటి దాంట్లో మూత్రం పోస్తే, కింద గిన్నె బరువును యంత్రం క్షణక్షణం తూచి, సెకనుకు ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో గీత గీస్తుంది. నొప్పి లేదు, సూది లేదు. ప్రమాదాన్ని చెప్పడంలో గ్రాముల కన్నా ఇది ఏమాత్రం తక్కువ కాదు. అయినా చవక ప్యాకేజీల్లో ముందు తీసేసేది దీన్నే.

గరిష్ఠ వేగం 15 పైన ఉంటే మామూలు, 10 లోపు అయితే అడ్డు ఉందన్న అనుమానం, మధ్యలో సందిగ్ధం. కానీ ఆ అంకె నిలబడాలంటే కనీసం 150 మిల్లీలీటర్లు పోసి ఉండాలి. 90 మిల్లీలీటర్లు పోస్తే ఎంత మంచి ధారైనా వేగం తక్కువే చూపిస్తుంది. కాబట్టి రిపోర్టులో ముందు చూడాల్సింది వేగం కాదు, ఎంత పోశారన్నది. 150 కన్నా తక్కువ ఉంటే ఆ కాగితం మడిచి పక్కన పెట్టి, మళ్లీ చేయమనండి. రెండుసార్లు చేసి మంచిదాన్ని లెక్కలోకి తీసుకోవడం సరైన పద్ధతి.

గీత ఆకారం కూడా చదవాలి. మామూలు మనిషి గీత గంటలా లేచి దిగుతుంది. ప్రోస్టేట్ అడ్డుంటే కొంచెం లేచి, పొడవాటి తోకలా సాగుతుంది. మొదటి నుంచి చివరి దాకా పెట్టెలా బల్లపరుపుగా ఉంటే అనుమానించాల్సింది ప్రోస్టేట్‌ను కాదు, మూత్రనాళం సన్నబడటాన్ని. దానికి ప్రోస్టేట్ మాత్రలు పని చేయవు. రంపపు పళ్లలా ఉంటే పొట్ట బిగించి ముక్కుతూ పోస్తున్నాడన్నమాట.

యంత్రం కూడా మోసపోతుంది. ధార గరాటు గోడ మీద ఒకసారి, మధ్యలో ఒకసారి పడితే గీతలో సూదిలాంటి ముల్లు లేస్తుంది. యంత్రం ఆ ముల్లు కొసనే గరిష్ఠ వేగంగా అచ్చు వేస్తుంది. గీత అంతా 8 దగ్గర పాకుతుంటే పైన 19 అని ఉంటుంది. రెండు సెకన్లు కూడా నిలవని ముల్లును డాక్టరు కొట్టేసి చదవాలి. అందుకే అంకె ఒక్కటీ కాదు, గీత ఉన్న కాగితం తెచ్చుకోవాలి. పోసేటప్పుడు ధారను ఒకేచోట పడనివ్వాలి.

ఈ పరీక్ష చెప్పలేనిది కూడా ఒకటుంది. ధార సన్నగా రావడానికి దారి మూసుకుపోవడం కారణమా, సంచి కండరం నీరసించడం కారణమా అన్నది దీనికి తెలియదు. పదిహేను, ఇరవై ఏళ్లుగా షుగరు ఉన్నవాళ్లలో నరాలు దెబ్బతిని సంచికి పట్టు తగ్గుతుంది. పార్కిన్సన్స్, పక్షవాతం, నడుము నరాల జబ్బులున్నవాళ్లలో కూడా ఇదే ఇబ్బంది. వాళ్లకు ఆపరేషన్ దాకా వస్తే, ముందు యూరోడైనమిక్స్ అనే పెద్ద పరీక్ష అవసరం కావచ్చు. ఈ ప్యాకేజీతో సరిపోదు.

పీఎస్‌ఏ: క్యాన్సర్ కోసమే కాదు

క్యాన్సర్ అనుమానంతో అందరూ 4 దాటిందా లేదా అని చూసి వదిలేస్తారు. మూత్రం ఆగిపోయే ప్రమాదం దృష్టితో చూడాల్సిన గీత అంతకన్నా చాలా కింద ఉంది. క్యాన్సర్ లేని మనిషిలో పీఎస్‌ఏ గ్రంథి సైజుకు తగ్గట్టు పెరుగుతుంది. 1.5 దగ్గర్లో దాటిందంటే గ్రంథి 30 మిల్లీలీటర్లు దాటి ఉండే అవకాశం ఎక్కువ. 2003లో ఫలితాలు వెలువడిన, ప్రోస్టేట్ మందుల మీద జరిగిన ఎమ్‌టాప్స్ అనే పెద్ద అధ్యయనంలో మందు లేకుండా ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లను గమనిస్తే, పీఎస్‌ఏ 1.6, గ్రంథి 31 మిల్లీలీటర్లు, మిగులు మూత్రం 39 దాటినవాళ్లకూ, వేగం 10.6 కన్నా తగ్గినవాళ్లకూ, 62 ఏళ్లు దాటినవాళ్లకూ జబ్బు ముదిరే అవకాశం ఎక్కువగా కనిపించింది. ‘పీఎస్‌ఏ 2.8, నార్మల్’ అని ల్యాబు పచ్చజెండా ఊపినా, ఈ లెక్కలో అది పట్టించుకోవాల్సిన అంకే.

గ్రంథిని కుదించే ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ మాత్రలు వాడుతున్నవాళ్లకు ఆరు నెలలు దాటేసరికి పీఎస్‌ఏ సగానికి పడిపోతుంది. ల్యాబు ఇచ్చిన అంకెను రెండింతలు చేసుకుని చదవాలి. ప్యాకేజీ ఫారంలో ఈ మాత్ర వాడుతున్నారా అనే గడి లేకపోవడం పెద్ద లోపం. మూత్రంలో చీము ఉన్నప్పుడు, ట్యూబు వేసిన కొత్తలో పీఎస్‌ఏ తీయిస్తే ఎక్కడికో పోతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి.

ఫ్రీ పీఎస్‌ఏ పరీక్ష, మామూలు పీఎస్‌ఏ 4 నుంచి 10 మధ్య ఉన్నవాళ్లకు పనికొస్తుంది, అందరికీ కాదు. టెస్టోస్టెరాన్, ఇతర క్యాన్సర్ మార్కర్లు ఈ పనికి అవసరం లేదు. వాటి కోసం ఖరీదైన ప్యాకేజీ ఎంచుకోవద్దు. మూత్రపరీక్ష, క్రియాటినిన్, షుగరు మాత్రం ఉండాల్సినవే. చీము పట్టినా ఉన్నట్టుండి మూత్రం ఆగొచ్చు.

ప్యాకేజీలో లేనివి

మొదటిది లక్షణాల స్కోరు. ప్రపంచమంతా వాడే ఐపీఎస్ఎస్ అనే ప్రశ్నావళి. గడిచిన నెల రోజుల గురించి ఏడు ప్రశ్నలు. పోసాక ఇంకా మిగిలిందనిపించిందా, రెండు గంటలు తిరక్కుండానే మళ్లీ వెళ్లాల్సి వచ్చిందా, ధార ఆగి ఆగి వచ్చిందా, ఆపుకోవడం కష్టమైందా, ధార సన్నబడిందా, మొదలుపెట్టడానికి ముక్కాల్సి వచ్చిందా, రాత్రి నిద్రలో ఎన్నిసార్లు లేచారు. ఒక్కోదానికి 0 నుంచి 5. మొదటి ఆరింటికి అసలు లేకపోతే 0, దాదాపు ప్రతిసారీ అయితే 5. చివరిదానికి లేచిన సార్లే అంకె. మొత్తం 35. ఏడు వరకు తక్కువ, 8 నుంచి 19 మధ్యస్థం, 20 నుంచి పైన తీవ్రం. ఓల్మ్‌స్టెడ్ లెక్కలో మూడు రెట్ల ప్రమాదం చూపింది ఈ స్కోరే. అయిదు నిమిషాల పని. నాన్నగారు అడిగితే చెప్పరు, మొహమాటపడతారు. కాగితం మీద రాసిచ్చి గదిలో ఒంటరిగా వదిలితే నింపుతారు.

రెండోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, మాత్రల జాబితా. గ్రంథి ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. మూత్రం ఆగిపోయేది మాత్రం ఒక్క రాత్రిలో. ఆ మధ్య ఏం మారింది? చాలాసార్లు ఒక మాత్ర.

మందుల షాపులో చీటీ లేకుండా కొనే జలుబు మాత్రల వెనక చదవండి. పారాసెటమాల్‌తో పాటు ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమైన్ ఉంటాయి. ఫినైలెఫ్రిన్ ముక్కులో రక్తనాళాలను బిగించి ముక్కు దిబ్బడ తగ్గించేందుకు వేసిన మందు. అదే బిగింపు మూత్రాశయం మెడ దగ్గరి కండరానికీ తగులుతుంది. సూడోఎఫెడ్రిన్‌దీ అదే తీరు. ప్రోస్టేట్‌కు ఇచ్చే టామ్సులోసిన్ వదులు చేసేది ఆ కండరాన్నే. అంటే ఒక చేత్తో తెరిచేదాన్ని ఇంకో చేత్తో మూస్తున్నట్టు. క్లోర్‌ఫెనిరమైన్ మరోవైపు నుంచి వస్తుంది. మూత్రాశయం బిగిసేందుకు నరాలు పంపే సంకేతాన్ని అడ్డుకుంటుంది. ద్వారం బిగిసింది, తోసే బలం తగ్గింది, రెండూ ఒకే మాత్రలో. మామూలు మనిషికి ఏమీ కాదు. సెకనుకు 9 మిల్లీలీటర్లతో నెట్టుకొస్తున్నవాడికి రెండు మాత్రలు చాలు. జలుబుకు పారాసెటమాల్ ఒక్కటీ, ఆవిరీ, ఉప్పునీటి ముక్కు చుక్కలూ మేలు. అలర్జీ మాత్ర కావాల్సి వస్తే ఫెక్సోఫెనాడిన్ లాంటివి డాక్టరును అడగండి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకు ఈ ప్రమాదం ఇంకో రూపంలో ఎదురవుతుంది. అక్కడ సూపర్ మార్కెట్‌లో దొరికే రాత్రిపూట జలుబు మందుల్లోనూ, పేరు చివర ‘పీఎం’ అని ఉండే నొప్పి, నిద్ర మాత్రల్లోనూ డైఫెన్‌హైడ్రమైన్ గానీ డాక్సిలమైన్ గానీ ఉంటుంది. మూత్రాశయానికి రెండూ చెరుపే. జెట్‌లాగ్‌కు నిద్ర పట్టడం లేదని కొడుకో కూతురో ప్రేమగా ఇస్తారు. అక్కడి డబ్బా మీద ప్రోస్టేట్ పెరిగి మూత్రం ఇబ్బంది ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాలని అచ్చు వేసే ఉంటుంది. చదవాలి.

జాబితాలో ఇంకా చూడాల్సినవి: నిద్రకో నరాల నొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్, కడుపు నొప్పికి డైసైక్లోమిన్, పార్కిన్సన్స్‌కు ట్రైహెక్సీఫెనిడిల్, ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మందులు, ఆయాసానికి టయోట్రోపియం, ఇప్రాట్రోపియం అనే పీల్చే మందులు, మాటిమాటికీ మూత్రం వస్తోందని ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, సోలిఫెనసిన్. మోకాళ్ల నొప్పులకు మింగే డైక్లోఫెనాక్ తరహా మాత్రలతో కూడా మూత్రం ఆగే ప్రమాదం పెరుగుతుందని నెదర్లాండ్స్‌లో చేసిన అధ్యయనంలో తేలింది. వీటిలో ఏదీ సొంతంగా మానేయొద్దు. ఆయాసం మందు ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. జాబితా పట్టుకెళ్లి డాక్టరు ముందు పెట్టండి, మార్చగలిగినవి ఆయన మారుస్తారు.

మాత్రలతో పాటు సందర్భాలు. మూడు రోజులు మలబద్ధకం ఉంటే గట్టిపడిన మలం వెనక నుంచి ఒత్తుతుంది. పెళ్లిలో మందు పుచ్చుకున్న రాత్రి మూత్రం వేగంగా చేరుతుంది, వెళ్లాలన్న స్పృహ మొద్దుబారుతుంది. రాత్రి బస్సులో బిగబట్టుకుని కూర్చుంటే సంచి సాగి పట్టు కోల్పోతుంది. అలాంటి ప్రయాణాల్లో డ్రైవరుకు ముందే చెప్పి రెండు మూడు గంటలకోసారి దిగడంలో నామోషీ లేదు. హెర్నియా, మొలల ఆపరేషన్ల తర్వాత, ముఖ్యంగా వెన్నుకు మత్తిచ్చినప్పుడు, మూత్రం ఆగడం తరచూ చూసేదే. ప్రోస్టేట్ సంగతి సర్జనుకూ మత్తు డాక్టరుకూ ముందే చెప్పాలి. కంటి శుక్లాల ఆపరేషన్‌కు వెళ్తుంటే టామ్సులోసిన్ వాడుతున్న సంగతి కంటి డాక్టరుకు చెప్పాలి. కనుపాప వదులై ఆపరేషన్ కష్టమవుతుంది.

రిపోర్టు చేతికొచ్చాక

అంకెలన్నీ బాగుండి స్కోరు 7 లోపు ఉంటే ఏ మందూ అక్కర్లేదు, ఏడాదికోసారి చూసుకుంటే సరి. గ్రంథి 30 దాటి, పీఎస్‌ఏ 1.5 దాటి, స్కోరు 8 పైన ఉన్నవాడికే ప్యాకేజీ డబ్బు నిజంగా తిరిగొస్తుంది. ఎందుకంటే అతనికి చేయగలిగింది ఒకటుంది. టామ్సులోసిన్, అల్ఫుజోసిన్ లాంటివి కొన్ని రోజుల్లోనే ధార మెరుగుపరుస్తాయి గానీ గ్రంథిని తగ్గించవు. ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ గ్రంథిని కుదిస్తాయి, అందుకు ఆరు నెలలు పడుతుంది. 3,040 మందిపై నాలుగేళ్లు సాగిన ప్లెస్ పరీక్షలో ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో నూటికి ఏడుగురికి మూత్రం ఆగింది, ఫినాస్టెరైడ్ తీసుకున్నవాళ్లలో ముగ్గురికి. ఎమ్‌టాప్స్‌లో రెండు రకాల మందులూ కలిపి వాడినవాళ్లకు ఈ ప్రమాదం 81 శాతం తగ్గింది. కోరిక తగ్గడం, స్తంభన బలహీనపడటం కొందరిలో ఉంటుంది. డాక్టరు దగ్గర దాచకుండా మాట్లాడి మొదలుపెట్టాలి. రెండు నెలలు వాడి ‘గుణం లేదు’ అని మానేసేవాళ్లే ఎక్కువ. గుణం కనపడటానికి ముందే మానేస్తున్నారు.

ఇన్ని జాగ్రత్తలున్నా ఒక రాత్రి ఆగిపోతే, నీళ్లు తాగించొద్దు, పొట్ట నొక్కొద్దు, మూత్రం వచ్చే మాత్ర వేయొద్దు. నీళ్లూ ఆ మాత్రా సంచిని ఇంకా నింపడమే అవుతుంది. 108కి ఫోన్ చేయండి, లేదా ట్యూబు వేయగల దగ్గరి ఆస్పత్రికి వెళ్లండి. వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ కవరులో వేసుకుని వెళ్లండి, జలుబు మాత్రతో సహా. ట్యూబు వేయగానే ఎంత మూత్రం వచ్చిందో నర్సును అడిగి రాసుకోండి. లీటరు దాటితే, వయసు 70 పైబడితే, గ్రంథి 50 దాటితే, ట్యూబు తీశాక మళ్లీ ఆగే అవకాశం ఎక్కువ. జలుబు మాత్ర, ఆపరేషన్ లాంటి కారణం కనపడితే సొంతంగా పోసే ఆశ ఎక్కువ. సాధారణంగా టామ్సులోసిన్ గానీ అల్ఫుజోసిన్ గానీ మొదలుపెట్టి, రెండు మూడు రోజులకు ట్యూబు తీసి చూస్తారు. అల్ఫుజోసిన్ మీద జరిగిన పరీక్షలో మందు తీసుకున్నవాళ్లలో నూటికి 62 మంది, ఉత్తుత్తి మాత్రవాళ్లలో 48 మంది అలా సొంతంగా పోయగలిగారు. ట్యూబు తీసే రోజు పొద్దున్నే తీయించుకుని సాయంత్రం దాకా ఆస్పత్రి దగ్గర్లో ఉండండి. మళ్లీ ఆగితే రాత్రి పూట వెతుక్కోవాల్సిన పని ఉండదు.